దాసోహం – అడిగి చేసే సేవ

సేవ చేయదలచినవాడు మొదట ఎవరిని అడుగవలెను? శాస్త్రాన్నా, పెద్దలనా, తన మనస్సునా, లేక ఆ సేవను అందుకొనేవారినా? చూడటానికి ఈ ప్రశ్న చిన్నదే. కాని దానధర్మానికీ దాసోహానికీ గల భేదమంతా ఇందులోనే ఇమిడి ఉన్నది.

దానంలో ఇచ్చేవాడు ప్రభువు. ఏమి ఇవ్వవలెనో, ఎంత ఇవ్వవలెనో, ఎప్పుడు ఇవ్వవలెనో అతడే నిర్ణయిస్తాడు. పుచ్చుకొనేవాడు చేయి చాచి, దండం పెట్టి వెళ్లిపోతాడు. దాసోహమనగా ‘నేను దాసుడను’ అని అర్థం. దాసుడు తన యజమానికి ఏమి కావలెనో తానే ఊహించి తెచ్చిపెట్టడు, అడిగి తెలుసుకొంటాడు. జంగముని లింగస్వరూపునిగా భావించి సేవించమన్న బసవేశ్వరుని ధర్మం, సేవ ఎట్లుండవలెనో చెప్పే అధికారాన్ని కూడా సేవ పొందేవానికే అప్పగించినదని నా భావన.

12వ శతాబ్దిలో కల్యాణ నగరాన వెలసిన అనుభవ మంటపానికి అల్లమప్రభువు అధ్యక్షత వహించాడని మన సంప్రదాయం చెప్పుతున్నది. బట్టలుతికే మడివాలు మాచయ్య, తోళ్లపని చేసే హరళయ్య, పడవ నడిపే అంబిగర చౌడయ్య, విరాగిణి అక్కమహాదేవి ఆ కూటమిలోని వారు. వారు ఉపదేశం విని పోవడానికి రాలేదు. చెప్పడానికి, ప్రశ్నించడానికి, అవసరమైతే ఎదిరించడానికి కూర్చున్నారు. శరణధర్మం అట్లా వారి నోటిమాటలతోనే రూపుదిద్దుకొన్నది.

ఇట్టి కలయికకు మన పల్నాటి ధరణికోట చరిత్రలోనూ ఒక ఆనవాలు కలదు. శాతవాహనుల కాలాన ధాన్యకటకమని పేరొందిన ఈ ఊరి చెంతనే ఉన్న అమరావతి మహాచైత్యానికి, విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను సమర్పించినట్లు శాసనం ఉన్నది. ఆ చైత్యం రాజుల సొమ్ముతోనే లేచినది కాదు. అయితే ఆ నిర్మాణం ఎట్లుండవలెనని విధికుని అడిగిరో లేదో ఆ శాసనం చెప్పదు. చేయి కలపనిచ్చుట ఒకటి, మాట కలపనిచ్చుట మరొకటి.

మాట కలిసిననాడు ఏమగునో, కల్యాణానికి అంత దూరం కాని జహీరాబాదు ప్రాంతం మనకు చూపింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. పేదల ఆకలి తీర్చిన మంచి పథకమది. కాని చౌకబియ్యం రావడంతో జొన్న పండే మెట్టనేలలు బీడుపడుతున్నాయని, దానితో కూలిపనీ పశువుల చొప్పా తగ్గుతున్నాయని అక్కడి స్త్రీలు గమనించారు. 1990లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో నడిచిన దళిత మహిళా సంఘాలు తమకు తగిన పంపిణీ పద్ధతిని తామే ఏర్పరచుకొన్నాయి. బీడును సాగు చేయడానికి రైతుకు అప్పు ఇచ్చి, దానిని జొన్నల రూపంలో రాబట్టి, ఊళ్లోనే నిలువచేసి, గింజలు దొరకని నెలల్లో పేదలకు తక్కువ ధరకు అందించాయి. ఎవరు నిరుపేదలో ఊరివారే కూర్చుని తేల్చారు.

‘రోగికి ఏ మందు ఇవ్వవలెనో రోగినే అడుగుతామా?’ అని కొందరు ఆక్షేపించవచ్చు. మందు వైద్యుడు చెప్పవలసినదే. కాని వైద్యశాల ఏ వేళ తెరవవలెనో మిరప కోతలకు పోయే కూలి స్త్రీ చెప్పవలెను. ఉదయం పది గంటలకు ఉచిత వైద్యశిబిరం పెట్టామనుకొందాం. కరపత్రంలో మనం ‘ఉచితం’ అని వ్రాసుకొంటాము. ఆమెకు మాత్రం దాని వెల ఒకనాటి కూలి.

ఇంతకన్న బలమైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. సభ పెట్టి అడిగితే గొంతున్నవాడే మాట్లాడతాడు. ఒంటరి ముదుసలి, వితంతువు, పని వెదుక్కొంటూ వలస వచ్చిన కుటుంబం నోరు మెదపరు. వారి మౌనాన్ని సమ్మతిగా వ్రాసుకొనుట అసలు అడగకపోవుటకన్న పెద్ద దోషం. ఏలయనగా అడిగామన్న పుణ్యాన్ని కూడా అప్పుడు మనమే కాజేస్తాము. కనుక వారి గడప వద్దకే పోయి అడుగవలెను. వారి మాట వలన ఏది మారినదో, ఏది మార్చలేకపోయామో మరల పోయి చెప్పవలెను. ‘మాకిది వద్దు’ అనే హక్కు కూడా వారికి ఉండవలెను.

ధరణికోట వంటి ఊళ్లో మన సమాజం అన్నదాసోహమో, విద్యార్థి వసతిగృహమో, వృద్ధులకు ఇంటివద్ద సాయమో ఆరంభించేటప్పుడు, పంక్తిలో తినేవారు, అక్కడ చదువుకొనే పిల్లలు, ఆ సాయం పొందే వృద్ధులు నిర్వాహక సంఘంలో సభ్యులై ఉండవలెను. లెక్కలు వారి ఎదుటనే చదువవలెను. పని కొంత ఆలస్యం కావచ్చు, వాదాలు రావచ్చు. కల్యాణంలో మాత్రం వాదాలు లేవా?

సొమ్ము వదులుకొనేవారు మనలో చాలామంది కలరు. ‘వారి మేలు నాకే తెలుసు’ అన్న భావాన్ని వదులుకొనుట అంత సులభం కాదు. ఇచ్చేవాని అహంకారం కడపట దాగుకొనేది అక్కడే. దానిని కూడా జంగముని పాదాల చెంత పెట్టిననాడే దాసోహమన్న మాట మన నోట నిజమగును.