పెంచినవాడే యజమానుడా?

ఒక వస్తువును కంటికి రెప్పవలె కాపాడినవానికి దానిపై ఎంతవరకు హక్కు కలదు? ఈ ప్రశ్న పొలముగట్ల తగవులలోనే గాక, శాస్త్రజ్ఞుల నీటితొట్లలోను పుట్టుచున్నది.

గంగానదీ ప్రాంతపు కాలువలలోను వరిమళ్లలోను తిరుగు చిన్న చేప యొకటి కలదు. ఒడలిపై నీలిచారలుండుటచే దానిని జీబ్రాచేప యందురు. హామిల్టన్ అను వైద్యుడు గంగామత్స్యములనుగూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. ఒకటిన్నర శతాబ్దము గడచిన పిమ్మట అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింగర్ అను పండితుడు దీనిని జన్యుశాస్త్ర పరిశోధనకు తగినదిగా తీర్చెను. దీని పిండము తల్లికి వెలుపలనే పెరుగును. అది పారదర్శకమగుటచే గుండె కొట్టుకొనుటను సైతము సూక్ష్మదర్శినితో చూడవచ్చును. మానవజన్యువులలో నూటికి సుమారు డెబ్బదింటికి దీనియందు సాటిజన్యువులు కలవని 2013లో వెల్లడియైనది. ఏ జన్యువు చెడినచో ఏ యవయవము చెడునో తెలిసికొనుటకై, అట్టి లోపములుగల చేపల వంశములను వేలకొలదిగా పెంచుచున్నారు.

ఈ వంశములను నిలుపుట సులభము కాదు. తీవ్రమైన లోపముగల పిల్ల యెదుగకుండగనే చచ్చును. కావున పైకి ఆరోగ్యముగ కనబడుచు, లోపల ఆ లోపమును మోయు తల్లిదండ్రులను కాపాడవలెను. ఏ చేప దానిని మోయుచున్నదో కంటికి తెలియదు. తరతరమునను జతపరచి, పిల్లలలో నాలుగవవంతు లోపముతో పుట్టుటనుబట్టియో, తోకరెక్క కొనను కొంచెము కత్తిరించి పరీక్షించియో తేల్చుకొనవలెను. ఒక్క తరమున ఏమరినచో వంశము నశించును. ఇంత శ్రమపడినవాడు 'ఇది నాది' యనుట వింత గాదు.

అయినను ఒక సంగతి వినుడు. స్ట్రైసింగర్ పరిశోధించిన వంశములలో 'గోల్డెన్' అనునదొకటి. దాని చారలు వెలిసి, ఒడలు పసిమివన్నెగ నుండును. ఆయన 1984లో గతించెను. వంశము మాత్రము పరుల పోషణలో నిలిచెను. 2005లో కీత్ చెంగ్ మొదలగువారు అందు చెడిన జన్యువును కనుగొని, దానికి సాటియైన మానవజన్యువులో ఒక్క యక్షరము మారుటయే ఐరోపావారి తెల్లదనమునకు ముఖ్యకారణములలో నొకటి యని చూపిరి. ఏ వన్నెను చూచుకొని జాతులు విఱ్ఱవీగెనో, దాని మర్మము ఒక చిన్నచేప చెప్పినది! తొలుత పెంచినవా రీ ఫలము నూహించిరా? దేని విలువ మనకు పూర్తిగ తెలియదో దానిని దాచుటకు మనకేమి యధికారము?

తాళపత్రముల గతి నెఱిగిన మనకు ఇది క్రొత్త కాదు. ఎవ్వరికిని చూపక పెట్టెలో బంధించిన ప్రతిని చెదలు తినెను. నలుగురిని వ్రాసికొననిచ్చిన గ్రంథము ఒక యింట కాలినను వేఱొక యింట బ్రదికెను. ఆరెగాన్‌లోని యూజీన్ నగరమునను, జర్మనీలోని కార్ల్స్‌రూహే నగరమునను ఈ చేపవంశములకు అట్టి భాండాగారములు కలవు. అచ్చట శుక్రమును ద్రవనత్రజనిలో గడ్డకట్టించి దాచి, కోరినవారికి వంశములను పంపుదురు.

'నేను పెంచగా ఒరుడు కీర్తి గొనుట న్యాయమా?' యని కొందరందురు. ఈ భయము నిరాధారము కాదు. తన ఫలితము ప్రకటించువఱకు పరిశోధకుడు వేచియుండవచ్చును. ప్రకటించిన పిమ్మట దాచుట లోభము. పుచ్చుకొన్నవాడు ఇచ్చినవాని పేరు చెప్పవలెను. ఇచ్చువాడు వంశచరిత్రను ఉన్నదున్నట్లు తెలుపవలెను. తప్పు పేరు వ్రాసి యిచ్చుటకంటె ఈయకుండుటయే మేలు.

ఈ వాదమున నోరులేని మూడవపక్షము కలదు: ఆ చేప. మన జ్ఞానముకొరకు దానిని లోపముతో పుట్టించుచున్నాము. ఒకడు దాచినచో మరియొకడు అదే లోపమును మొదటినుండి మరల పుట్టింపవలసి వచ్చును. వందలకొలది ప్రాణములు వ్యర్థముగ పోవును. దానమును ఔదార్యమని పొగడుదుము. ఇచ్చట నది ఔదార్యము కాదు, ఋణము. ఆ ఋణము తోడి పండితునికంటె ముందు ఆ ప్రాణికి చెల్లింపవలసినది.