సంతకం – సమ్మతి

అర్థం కాని కాగితం మీద చేసిన సంతకాన్ని సమ్మతి అనవచ్చునా? ఇది వకీళ్లు తేల్చవలసిన ప్రశ్న అని కొందరు తోసిపుచ్చవచ్చు. నా దృష్టిలో ఇది నైతిక ప్రశ్న.

నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. ఇంగ్లీషు ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉన్నాను. కొన్నేళ్ల కిందట ఒక మిత్రుడి అప్పుకు నేనూ, మరో ఉపాధ్యాయుడూ హామీదార్లుగా సంతకం చేశాము. పత్రంలో "జాయింట్లీ అండ్ సెవరల్లీ" అని ఉంది. జాయింట్ అంటే ఉమ్మడి, సెవరల్ అంటే పలువురు. కనుక పలువురం పంచుకొని భరించాలి కాబోలుననుకున్నాను. "అర్థమైందా?" అని గుమాస్తా అడిగితే తల ఊపాను. పాఠాలు చెప్పేవాడికి తెలియలేదనడం సిగ్గు కదా! మిత్రుడు అప్పు తీర్చలేకపోయాడు. మొత్తం బాకీ నా జీతంలోనే కోయసాగినప్పుడు తెలిసింది, సెవరల్లీ అంటే విడివిడిగా అని, ఏ ఒక్కడైనా మొత్తానికీ బాధ్యుడేనని.

తెలియని మాట కనిపిస్తే నిఘంటువు తిరగవేస్తాము. తెలిసిన మాటే వేరే అర్థంతో వస్తే అనుమానమే పుట్టదు. కోర్టు ఇంగ్లీషు నిండా ఇటువంటివే. ఒప్పందంలో "కన్సిడరేషన్" ఆలోచన కాదు, ప్రతిఫలం. డిక్రీ "ఎక్సిక్యూషన్" ఉరి కాదు, అమలు.

ప్రతి శాస్త్రానికీ పరిభాష తప్పదని మిత్రులు అనవచ్చు. నిజమే. ద్రుతం, కళ అనకుండా నేనూ వ్యాకరణం చెప్పలేను. కాని ద్రుతం తెలియని విద్యార్థికి మార్కులు పోతాయి, ఇల్లు పోదు. పరిభాష ఉండటం తప్పు కాదు. అది ఎరిగినవాడు ఎరగనివాడికి విప్పి చెప్పకుండా సంతకం రాబట్టుకోవడం తప్పు.

ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరించడమే సమ్మతి అని 1872 నాటి కాంట్రాక్టుల చట్టం 13వ సెక్షనే అంటున్నది. 1962లో హరికిసన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. నిర్బంధ కారణాలను ఇంగ్లీషులో రాసిచ్చి నోటితో వివరిస్తే చాలదని, నిర్బంధితుడికి తెలిసిన భాషలోనే ఇవ్వాలని తీర్పు చెప్పింది. మనిషిని పట్టేటప్పుడు వర్తించిన న్యాయం అతని జీతం పట్టేటప్పుడు ఎందుకు వర్తించకూడదు?

తెలుగు చేసినంత మాత్రాన సరిపోదు. "ఉమ్మడిగాను, విడివిడిగాను" అని రాసినా నేను మోసపోయేవాణ్ణే. "అతను కట్టకపోతే మొత్తం నీ ఒక్కడి దగ్గరే వసూలు చేయవచ్చు" అన్న ఒక్క వాక్యం చాలును. తెలియలేదని అడగడం నేను నేర్చుకోవలసిందే. కాని ఆ వాక్యం రాయవలసిన బాధ్యత మాత్రం అప్పిచ్చినవాడిదే.