నిన్నటి చొక్కా

ఈ పుస్తకానికి ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు ముందు గుర్తుకొచ్చింది ఒక చొక్కా. పోరాటాల గురించి రాయడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. నేను రాయగలిగింది ఆ చొక్కా గురించి, దాన్ని గురించి నేనాడిన ఒక అబద్ధం గురించి. ఆ అబద్ధం తప్పా, కాదా? ముప్పై ఏండ్లు దాటినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

1988 సంవత్సరం. ఎమ్మే ఎకనామిక్స్ పాసై రెండేండ్లయింది. మాది పుంగనూరు దగ్గర ఒక మాలపల్లె. ఒకే వారంలో రెండు ఇంటర్వ్యూ కార్డులొచ్చినాయి. రెండూ లెక్చరరు ఉద్యోగాలే, రెండూ ప్రైవేటు కాలేజీలే. మొదటిది తిరుపతిలో మధ్యాన్నం. రెండోది మర్నాడు పొద్దున తొమ్మిదికి చిత్తూరులో. నడమ ఇంటికొచ్చి పొయ్యేదానికి టైమూ లేదు, చార్జీలూ లేవు.

నాకుండేది ఒకటే మంచి జత. తెల్ల టెరికాట్ చొక్కా, బూడిదరంగు ప్యాంటు. అమ్మ చెనిక్కాయలు కొట్టిన కూలి డబ్బు దాచిపెట్టి, నేను ఎమ్మే పాసైనప్పుడు కుట్టించింది. మిగతావన్నీ హాస్టలు కాలం నాటివి, కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకున్నవి. బయల్దేరేటప్పుడు ఆ జతను మడిచి పేపర్లో చుట్టి సంచిలో పెట్టింది. "బస్సులో పాతది ఏసుకోని పో నాయనా, ఆడ దిగినాక ఇది ఏసుకో" అంది.

తిరుపతిలో ఇంటర్వ్యూ బాగానే జరిగింది. బోర్డులో నలుగురు. అందులో బయటినుంచి పిలిపించిన సబ్జెక్టు నిపుణుడొకాయన. భూసంస్కరణల మీద రెండు ప్రశ్నలడిగినాడు, చెప్పినాను. బయట కూచోని ఫారం నింపేటప్పుడు పెన్ను కారి జేబు కింద శనగ గింజంత సిరా మరక పడింది. అంతకు మించి నష్టమేమీ లేదనుకున్నాను.

ఆ రాత్రి రైలుస్టేషన్ వెనకాల ఒక సత్రంలో పడుకున్నాను. పాత చొక్కా తొడుక్కోని, 501 సబ్బు ముక్కతో మంచి జతను ఉతికినాను. మరక పలచబడింది గానీ పోలేదు. కిటికీ చువ్వలకు ఆరేసి, ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనని దాని కిందే పడుకున్నాను. తెల్లారుజామున టీకొట్టాయన్ని అడుక్కోని చెంబులో నిప్పులు పోయించుకోని, దాంతోనే ఇస్త్రీ చేసినాను. కాలరు, చంకలు ఇంకా తడిగానే ఉండాయి. అట్లనే తొడుక్కోని బస్టాండుకు బయల్దేరినాను.

గోవిందరాజస్వామి గుడి దగ్గర తడిపంచెతో ఒకాయన ఎదురొచ్చినాడు. జనం పక్కకు తప్పుకోని ఆయనకు దారిచ్చినారు. ఆయన మడిలో ఉన్నాడు. నా వొంటి మీద కూడా రాత్రి ఉతికిన తడిబట్టే. నేను మాత్రం ఎవరికన్నా తెలుస్తాదేమోనని చేతులు వొంటికి అదుముకోని నడుస్తా ఉన్నాను. ఒకే గుడ్డను రోజూ ఉతికి ఆరేసి కట్టుకుంటే ఆయనకు ఆచారం. నాకు దరిద్రం. నీళ్ళొకటే, సబ్బు వాసన కూడా ఒకటేనేమో. ఆ తడిని చూసే కండ్లు వేరు.

చంద్రగిరి, పూతలపట్టు దాటి చిత్తూరు చేరేలోపు బస్సు గాలికి చొక్కా ఆరింది. ధైర్యమొచ్చింది. లోపలికి పోతే బోర్డులో నిన్నటి నిపుణుడే కూచోనుండాడు. ఆయన నన్ను చూసి, చొక్కాను చూసి, పక్కాయన్ను చూసి అన్నాడు: "ఏమయ్యా, నిన్న కూడా ఇదే చొక్కా కదా?"

నేను చెప్పిన సమాధానం ఇది: "లేదు సార్, ఒకే తానులో రెండు కుట్టించుకున్నాను."

"ఓహో. అయితే మరక కూడా తానులోనే వచ్చిందా?"

అందరూ నవ్వినారు. పగబట్టిన నవ్వేమీ కాదు. సరదాగానే నవ్వినారు. ఆ తర్వాత ఏమడిగినారో, నేనేం చెప్పినానో నాకు గుర్తులేదు.

రెండు ఉద్యోగాలూ రాలేదు. చొక్కా వల్లే రాలేదని నేను చెప్పను. చెప్పలేను. ఇంటర్వ్యూలో ఎందుకు ఎన్ని మార్కులేసినారో తెలుసుకునే దారి మాకు లేదు. ఇది నా ఒక్కడి అనుమానం కాదు. కాలేజీ సీట్లకు సంబంధించిన అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు 1980లోనే, మౌఖిక పరీక్షకు మొత్తం మార్కుల్లో నూటికి 15కి మించి పెట్టడం అన్యాయమని చెప్పింది. 2016 జనవరి ఒకటి నుంచి కేంద్ర ప్రభుత్వం తన కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే తీసేసింది. రాతపరీక్ష పేపరుకు మన చొక్కా కనపడదు. ఎదురుగా కూచున్న మనిషికి ముందు కనపడేది అదే.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పినాను. నవ్విన సంగతి విని అమ్మ బాధపడలేదు. అబద్ధం దగ్గరే ఆగిపోయింది.

"రెండుండాయని ఎందుకు చెప్పినావురా? ఒకటే ఉండాది, రాత్రి ఉతుక్కున్నా అని చెప్పల్ల గదా. ఉతుక్కునేది దొంగతనమా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చాలాకాలం వెతుక్కున్నాను.

మా ఊళ్ళో చాకలోళ్ళు మా పల్లె గుడ్డలు ముట్టుకునేవాళ్ళు కాదు. ముట్టుకుంటే ఊరు వాళ్ళ చేత పని మాన్పిస్తాది. కాబట్టి ఆ తప్పు వాళ్ళది కాదు, ఊరిది. మా గుడ్డలు మా అమ్మలే ఉతికినారు, అదీ ఊరి రేవుకు దిగువన. మురికిగా ఉంటారని మమ్మల్ని తిట్టిన ఊరే, శుభ్రం చేసుకునే దారులకు అడ్డం కూచుంది. ఇంకొక సంగతి కూడా చెప్పల్ల. మాలలు మగ్గాల మీద ముతకగుడ్డలు నేసిన కాలమొకటి ఉంది. గుడ్డ నేసిన చేతులు మావి. రెండో చొక్కా లేదని నవ్వింది మమ్మల్నే.

"నిన్న కూడా ఇదేనా?" అన్న ప్రశ్న ఆ నిపుణుడు పుట్టించింది కాదు. దానికి వెయ్యేండ్లకు పైబడిన వంశముంది. చండాలుడు శవాల మీది బట్టలు కట్టుకోవాలనీ, శూద్రుడికి కట్టి విడిచిన బట్టలియ్యాలనీ మనుధర్మం పదో అధ్యాయంలో రాసిపెట్టినారు. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు రవిక తొడుక్కునే హక్కు కోసం ఏండ్ల తరబడి కొట్లాడితే, 1859లో రాజు ఒప్పుకున్నాడు. అదీ పెద్దకులాల ఆడవాళ్ళలాగా మాత్రం కప్పుకోకూడదన్న షరతు మీద. అంటే గొడవ గుడ్డ గురించి కాదు. గుడ్డను చూసి కులాన్ని గుర్తుపట్టే సౌకర్యం పోకూడదన్నదే గొడవ. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ మన ఆడవాళ్ళతో మాట్లాడుతూ, కట్టుబొట్టులో కులం గుర్తులు వదిలెయ్యమని, చీర అందరిలాగే కట్టుకోమని చెప్పింది అందుకే.

1921లో గాంధీగారు మధురైలో చొక్కా విడిచి కొల్లాయిగుడ్డతో మిగిలినారు. దేశం చేతులెత్తి మొక్కింది. అంబేడ్కర్ జీవితాంతం సూటు వేసుకున్నారు. ఆయన్ని దొరలబాబు అన్నవాళ్ళున్నారు. విడిచిపెట్టడానికి ముందు ఉండాల గదా! చొక్కా వేసుకునే హక్కు పుట్టుకతోనే ఉన్నవాడు దాన్ని విప్పితే త్యాగం. లేనివాడు విప్పడానికేముంది? వాడు వేసుకోవడమే మొదటి పని. ఇప్పటికీ అదే పరిస్థితి కాబట్టే, అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, దళితులు బహిరంగ ప్రదేశాల్లో చెప్పులు గానీ కొత్తబట్టలు గానీ వేసుకోకుండా అడ్డుపడడం నేరమని విడిగా రాయాల్సి వచ్చింది. స్వాతంత్ర్యమొచ్చిన అరవై ఎనిమిదేండ్లకు, పార్లమెంటు కూచోని 'కొత్తబట్టలు' అన్న మాటను చట్టంలో చేర్చింది. విద్యార్థులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాల.

సరే, ఇదంతా ఉంది కాబట్టి నా అబద్ధం అబద్ధం కాకుండా పోతుందా? ఇక్కడే నేను చాలాసార్లు నాతో నేను వాదించుకున్నాను.

సత్యమంటే మనకు హరిశ్చంద్రుడి కథ చెప్తారు. సత్యం కోసం రాజ్యం పోగొట్టుకున్నాడు, కాటికాపరి అయినాడు. కథ చివర్లో ఆయన రాజ్యం ఆయనకొచ్చింది. ఆయన్ను పనిలో పెట్టుకున్న చండాలుడు కూడా నిజం చండాలుడు కాదట, వేషమేసుకోనొచ్చిన ధర్మదేవతేనని మార్కండేయ పురాణం తేలుస్తుంది. నిజంగా కాడు కాసేవాడు ఆ కథలో లేనే లేడు. వాడు నిజం చెప్తే వాడికేమొస్తుందో ఏ పురాణమూ చెప్పలేదు. నిజం చెప్పినవాడికి అది విని గౌరవించే మనిషి ఎదురుగా ఉండాల. "నాకొకటే చొక్కా ఉంది సార్" అని నేనంటే ఆ బోర్డు గౌరవిస్తుందా, జాలిపడుతుందా, ఇంకోసారి నవ్వుతుందా? నాకు తెలీదు. తెలీని చోట పేదోడు కాచుకుంటాడు. నా అబద్ధం ఒక కాపుదల. దానివల్ల ఎవరి అన్నమూ పోలేదు. కాబట్టి దాన్ని పాపమని నేననుకోను.

కానీ అమ్మ పాపమని అనలేదు. "దొంగతనమా?" అనింది. ఆ తేడా నాకు ఆలస్యంగా అర్థమైంది. అబద్ధం చెప్పి నేను వాళ్ళను మోసం చేయలేదు. వాళ్ళ మాటకు ఒప్పుకున్నాను. ఒకే చొక్కా ఉండడం సిగ్గుపడాల్సిన పనేనని వాళ్ళకంటే ముందు నేనే సంతకం పెట్టినాను. రాత్రంతా మేలుకోని ఉతికి ఆరేసిన నా కష్టాన్ని, ఆ గుడ్డ వెనకాలున్న అమ్మ కూలిని ఒక్క మాటతో లేదన్నాను. నష్టం జరిగింది అక్కడ. నేను ఆ బోర్డుకు ఏమీ బాకీ లేను. అమ్మకు బాకీ ఉన్నాను.

ఇంతటితో ఆపేస్తే ఈ వ్యాసం నాకు సుఖంగా ఉంటుంది. ఇంకొకటుంది.

తర్వాత నాకు ఉద్యోగమొచ్చింది. పెండ్లయింది, బీరువా నిండా చొక్కాలైనాయి. 2006లో నన్ను కూడా సబ్జెక్టు నిపుణుడిగా పిలవడం మొదలుపెట్టినారు. వరసగా రెండు రోజులు రెండు చోట్ల బోర్డుల్లో కూచున్నాను. మొదటి రోజొచ్చిన ఒక అమ్మాయి రెండో రోజు కూడా వచ్చింది. పసుపుపచ్చ చుడీదారు. నిన్నటిదే. ఎవరూ చెప్పకముందే నేను చూసినాను. ఆమె సర్టిఫికెట్లు చూడకముందు, ఆమె నోరు తెరవకముందు, నా కండ్లు పోయింది దాని మీదికే. చున్నీ కొస ఇంకా తడిగా ఉంది.

పక్కనున్నాయన నావైపు వొంగి, "నిన్నటి డ్రెస్సే" అన్నాడు మెల్లగా. నవ్వినాడు. నేను కూడా నవ్వినాను.

ఎందుకు నవ్వినాను? నవ్వకపోతే నేనెవరో ఆయనకు తెలిసిపోతుందని భయమా? ఆ కుర్చీలో కూచుంటే అట్ల నవ్వాలని నేర్చుకున్నానా? ఆ అమ్మాయి చూసింది. తల దించుకోని చున్నీ కొసను చేతిలోకి ముడుచుకుంది. ఆమె బాగా చెప్పింది, ఉద్యోగమొచ్చింది. ఆమె మార్కులతో ఆమెకొచ్చింది. నేను ఉద్ధరించిందేమీ లేదు.

ఇప్పుడు చెప్పండి. 1988లో నేనాడిన అబద్ధమూ 2006లో నేను నవ్విన నవ్వూ ఒకే త్రాసులో తూగుతాయా? తూగవనే నా నమ్మకం. మొదటిదాంట్లో నా చేతిలో ఏమీ లేదు. రెండోదాంట్లో నా చేతిలో కలముంది, కుర్చీ ఉంది. "ఉతుక్కోని వచ్చింది, అందులో నవ్వేదేముంది సార్?" అని ఒక్క మాట అంటే నాకు పోయేదేమీ లేదు. ఏమీ లేనివాడి అబద్ధాన్ని నిలదీసే నీతిశాస్త్రాలు మనకు బోలెడున్నాయి. ఉన్నవాడి నవ్వును నిలదీసే నీతి మనమే రాసుకోవాల. ఆ ఉన్నవాడు మనలో ఒకడైనప్పుడు కూడా.

కార్యకర్తలు నన్నడగొచ్చు: వ్యవస్థ మారకుండా ఒక నవ్వు మానుకుంటే ఏమొస్తుంది అని. వ్యవస్థ మారాల్సిందే, రాతపరీక్షలు పెరగాల్సిందే, రిజర్వేషన్ పోస్టులు నింపాల్సిందే. అయితే బోర్డులోకి మనవాడు ఒకడు పోయి కూచుంటే చాలని అనుకున్నాం గదా. నేను పోయి కూచున్నాను. పాత కండ్లతోనే చూసినాను.

ఇంటర్వ్యూలకు తిరిగే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను చెప్పేది తక్కువే. ఒకటే జత ఉంటే రాత్రి ఉతుక్కోండి, పొద్దున వేసుకోండి. ఎవడన్నా అడిగితే ఒకటే ఉందని చెప్పండి. చెప్పలేకపోతే మాత్రం మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. నేనూ చెప్పలేకపోయినాను.

అమ్మ ఇప్పుడు లేదు. మా పల్లె మొగదల అంబేడ్కర్ విగ్రహముంది. ఎండకూ వానకూ ఏండ్ల తరబడి అదే నీలం సూటు. ఆయన్నెవరూ "నిన్న కూడా ఇదేనా" అని అడగరని మా పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను గానీ, వెంటనే ఆ పసుపుపచ్చ చుడీదారు గుర్తుకొస్తుంది. ఆ అమ్మాయి పేరు నాకు గుర్తుంది, ఇక్కడ రాయను. ఎక్కడో పాఠాలు చెప్తా ఉంటుంది. ఈ పుస్తకం ఆమె చేతికందితే, ఆ రోజు నవ్విన ఇద్దరిలో ఒకడు మాలపల్లె నుంచి తడిచొక్కాతో వచ్చినవాడేనని ఆమెకు తెలియాల. అందుకే ఇది రాసినాను.