శిశుసేవయు దక్షిణయు

"జీతము తీసికొని చేయునది ఉద్యోగమే గాని సేవ యెట్లగును?" అను మాట లోకమున తరచుగ వినవచ్చుచుండును. ఊరిలోని అంగన్‌వాడీ కార్యకర్తను గూర్చియు, అనాథశిశువుల గృహమున రాత్రులు మేలుకొని యుండు ఆయాను గూర్చియు, ఇల్లు వీడివచ్చిన బాలుని చేరదీయు ఉద్యోగిని గూర్చియు ఈ మాట ఒకప్పుడు నిందగను, ఒకప్పుడు పొగడ్తగను వచ్చుచున్నది. "జీతమునకే కదా చేయుచున్నది" అనుట నింద. "ఇది పవిత్రమైన సేవ, దీనికి వెల కట్టరాదు" అనుట పొగడ్త. మొదటిది ఆమె మనస్సును నొప్పించును. రెండవది ఆమె కడుపును మాడ్చును. కావున ఈ విషయము విచారింపదగినది.

పరుల బిడ్డను పోషించువారికి మన వాఙ్మయమున గల స్థానమును మొదట చూతము. మహాభారతమున శకుంతలను కన్నవారు విడిచిపోయిరి. పక్షులు కాచియుండగా కణ్వమహర్షి ఆ శిశువును తెచ్చి పెంచెను. ఆమె తనకు కుమార్తె యెట్లయ్యెనని యడిగిన మునికి ఆయన ధర్మశాస్త్రసమ్మతమైన సమాధానము చెప్పెను. శరీరము నిచ్చినవాడు, ప్రాణమును కాపాడినవాడు, అన్నము పెట్టి పెంచినవాడు — మువ్వురును తండ్రులే యని ఆ మాటల తాత్పర్యము. ఇక కౌటిల్యుని అర్థశాస్త్రము బాలురను, వృద్ధులను, రోగులను, ఆపన్నులను, అనాథలను భరించుట రాజు విధి యని చెప్పినది. దీనినిబట్టి శిశుపోషణము దయ గలవారి యిష్టమునకు విడువబడినది కాదనియు, రాజ్యము తీర్పవలసిన ఋణమనియు తేలుచున్నది.

ఆ ఋణమును తీర్చుటకు మన దేశమున 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము 33 ప్రాజెక్టులతో ఆరంభమయ్యెను. ఆరేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును, బాలింతలకును అనుబంధ పోషకాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, అవసరమైనచో ఆస్పత్రికి పంపుట, పూర్వ ప్రాథమిక విద్య, పోషకాహార ఆరోగ్య బోధ — ఈ ఆరును అందించుట దాని పని. ఈ భారమంతయు తుదకు వచ్చి వ్రాలునది గ్రామమునందలి ఒక కార్యకర్త మీదను, ఒక ఆయా మీదను. గ్రుడ్డు ఉడికించుట మొదలు బిడ్డను తూచి పుస్తకమున వ్రాయుట వరకు వారిదే. దిక్కులేని పిల్లల విషయమున 2015 నాటి బాలల న్యాయచట్టము మరియొక వ్యవస్థను ఏర్పరచినది. రక్షణ అవసరమైన శిశువు కనబడినచో ప్రయాణకాలము మినహా 24 గంటలలోపల బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెనని అది విధించుచున్నది. ఆ గడువును నిలుపుటకు అర్ధరాత్రి రైల్వేస్టేషనుకు పోవు మనిషి యొకడు ఉండవలెను గదా!

ఇక పూర్వపక్షము. సేవావృత్తిని మనుస్మృతి కుక్కబ్రతుకుతో పోల్చినది. సేవాధర్మము యోగులకును అందనంత కష్టమైనదని భర్తృహరి వాపోయెను. అట్టి వృత్తికి గౌరవ మెక్కడిది? అని కొందరు శంకింతురు. ప్రకరణమును గమనింపక పలుకు మాట యిది. మనువు చెప్పినది బ్రాహ్మణుని జీవనోపాయములను గూర్చి. భర్తృహరి చెప్పినది ప్రభువుల ముఖము చూచి బ్రతుకువారి యగచాట్లను గూర్చి. అచట సేవ యనగా యజమానుని చిత్తమునకు లొంగియుండుట. పాలకై యేడ్చు శిశువు అట్టి యజమానుడు కాడు. అతనికి ఇచ్చకములు పలుకుటవలన లాభమును లేదు, పలుకకుండుటవలన నష్టమును లేదు. కావున ఆ నింద ఈ పనికి తగులదు.

మరి వేతనమువలన పుణ్యము తరిగిపోవదా యని రెండవ శంక. దీనికి సమాధానము యజ్ఞప్రకరణముననే కలదు. ఋత్విక్కులు దక్షిణ గొందురు. దక్షిణ వారిని పరిక్రయించుటకు, అనగా వారి శ్రమను కొనుటకు, ఇచ్చునదని మీమాంసకుల మతము. యజ్ఞఫలము యజమానునిది. అట్లని దక్షిణ గొన్న ఋత్విక్కును కూలివాడని ఎవరును చులకన చేయరు. అతడు లేనిదే యజ్ఞము లేదు. దక్షిణ యీయని యజ్ఞమును భగవద్గీత పదునేడవ అధ్యాయమున తామసయజ్ఞముల లక్షణములలో చేర్చినది. అచట చెప్పబడిన లోపము లైదు: విధి లేకుండుట, అన్నము పెట్టకుండుట, మంత్రము లేకుండుట, దక్షిణ లేకుండుట, శ్రద్ధ లేకుండుట. శిశుసంక్షేమమను యజ్ఞమునకును ఈ యైదింటిని అన్వయించి చూచినచో ధర్మనిర్ణయము సుకరమగును.

ఈ యజ్ఞమున యజమానుడు సమాజము. ఫలము సమాజమునకే చెందును. ఏలయన నేటి శిశువే రేపటి పౌరుడు. కావున దక్షిణ యిచ్చు బాధ్యత సమాజముదే. ఇచట పలికెడు "గౌరవవేతనము" అను మాటను కొంచెము తరచి చూడవలెను. 2018 అక్టోబరు నుండి కేంద్రప్రభుత్వము తన వంతుగా కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, సహాయకురాలికి 2,250 రూపాయలు చేసెను. రాష్ట్రములు తమ వంతు దానికి చేర్చుచుండును. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరు గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పుచు, వారికిచ్చు గౌరవవేతనమును వేతనముగనే పరిగణించెను. గౌరవమను పదము వేతనమును తగ్గించుటకు సాకు కారాదను నీతి ఆ తీర్పున ఇమిడియున్నది.

ఆంధ్రప్రదేశమున 2023 డిసెంబరు నుండి 2024 జనవరి వరకు అంగన్‌వాడీ మహిళలు 42 దినములు సమ్మె చేసిరి. అప్పుడు "పిల్లల నోటికాడి కూడు మాన్పింతురా?" యని ప్రశ్నించినవారు కలరు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. శిశువు ఏ ఒప్పందమునకును కర్త కాడు. పెద్దల తగవులో ఆకలి మాత్రము అతనిది. అయినను ఆ ప్రశ్నను ఆ యొక్క స్త్రీనే యడుగుట న్యాయము కాదు. ఋత్విక్కు లేచిపోయినచో అతని నడుగుటకు ముందు దక్షిణ మాట యేమాయెనని యజమానుని అడుగవలెను. భృత్యులు అసంతృప్తితో విరుగబడకుండునట్లు జీతములు నిర్ణయింపవలెనని కౌటిల్యుడే చెప్పెను.

ఇంతటితో కార్యకర్త ధర్మము తీరినదని తలంపరాదు. "ఇచ్చినంతకే చేయుదును" అనువారు ఋత్విజధర్మమును ఎరుగరు. దక్షిణ చాలలేదని మంత్రములో నొక యక్షరమును మింగువాడు ఋత్విక్కు కాడు. బిడ్డను త్రాసు ఎక్కింపకయే పోయిన నెల అంకెకు కొంత చేర్చి వ్రాసినచో పుస్తకము చక్కగనే యుండును; బిడ్డ మాత్రము కృశించుచుండును. రెండు నెలలు బరువు పెరుగని శిశువు నోరు తెరచి చెప్పుకొనలేడు. ఆ అంకెయే అతని నోరు. దానిని అబద్ధము చేయుట మూగవాని సాక్ష్యమును చెరుపుటయే. వేతనము కాలమును కొనగలదు; శ్రద్ధను కొనజాలదు. అది ఇచ్చువాని చేతిలోనిది.

శ్రద్ధ యొక్కటియే చాలునా యనిన, విధియు కావలెను. పూతన గోకులమునకు తల్లివేషముననే వచ్చినది. ఆమె రూపమును చూచి ఎవరును అడ్డగింపలేదు. పాలిచ్చుట యశోదకును పూతనకును సమానమే, లోనిది వేరు. కావుననే నేటి చట్టము శిశుగృహములకు రిజిస్ట్రేషను, తనిఖీ, రికార్డులు విధించినది. మంచిమనస్సు గలవారు వీనిని తమపై అనుమానముగా భావింపరాదు. యశోదకు వీనివలన నష్టము లేదు.

ఈ పనికి శిక్షణయు అవసరమే. బొంబాయిలో 1936లో దొరాబ్జీ టాటా పేర సమాజసేవా విద్యాలయము వెలసినది మొదలు మన దేశమున ఇది యొక శాస్త్రముగ బోధింపబడుచున్నది. రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, కరుణకు సంస్థారూపము నీయవలెనని చేసి చూపిరి. అయినను నేడు కుమారుడో కుమార్తెయో సమాజసేవాశాస్త్రము చదివెదనన్నచో పెక్కు ఇండ్లలో తల్లిదండ్రులు మోము ముడుచుకొందురు. బిడ్డ పుట్టిననాడు మంత్రసాని చేతులకు మ్రొక్కి, ఆ బిడ్డ పెరిగి పరుల బిడ్డలను కాపాడెదనన్ననాడు వలదనుట ఏమి న్యాయము?

కావున తేలిన దేమనగా — వేతనము సేవకు కళంకము కాదు. వేతనము లేకపోవుట సేవకు అలంకారమును కాదు. విధి చట్టమున ఉండవలెను. అన్నము పళ్లెమున ఉండవలెను. మంత్రము బిడ్డకు నేర్పు మంచిమాటలో ఉండవలెను. దక్షిణ తొలి తేదీకి కార్యకర్త చేతిలో ఉండవలెను. శ్రద్ధ ఆమె కంటిలో ఉండవలెను. ఇందు నాలుగింటిని సమకూర్చి దక్షిణ యొక్కదానిని ఎగవేయు ఊరు తన యజ్ఞమును తానే తామసము చేసికొనుచున్నది. దక్షిణ గొని శ్రద్ధను దాచుకొను ఋత్విక్కును అంతే. ప్రతి గ్రామమునందలి పెద్దలు నెలకొక్కసారి తమ యూరి అంగన్‌వాడీ గడప తొక్కి, త్రాసు సరిగా నున్నదా, సరకులు వచ్చినవా, ఆ యమ్మకు జీతము అందినదా యని మూడు ప్రశ్నలు అడిగినచో చాలును. అడుగుటకు ఖర్చు లేదు. అడుగకుండుటవలన కలుగు నష్టమును భరించునది మాటలురాని పసివాడు.