ఏటి ఒడ్డున వుజూ, కంప్యూటర్ ముందు పరిశోధన

జుమా నమాజు ముగిశాక ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. తండ్రి సింగరేణి కార్మికుడు. తాను హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాడు. "మౌలానా సాబ్! నా లెక్కల కోసం పెద్ద కంప్యూటర్లు రోజుల తరబడి నడుస్తాయి. కరెంటు బాగా ఖర్చవుతుంది. జ్ఞానం కోసమే కదా, దీన్ని కూడా ఇస్రాఫ్ (దుబారా) అంటారా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. జవాబుకు ముందు ఆ కరెంటు ఎక్కడిదో చూద్దాం. మన దేశపు విద్యుత్తులో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గుతోనే తయారవుతోంది. ఈ సంగతి కొత్తగూడెం వారికి కొత్త కాదు. 1889లో ఇల్లందులో మొదలైన తవ్వకం నేటికీ మన ప్రాంతంలో సాగుతూనే ఉంది. పాల్వంచ విద్యుత్ కేంద్రంలో 2024 ఆగస్టులో పాత యూనిట్ల 8 కూలింగ్ టవర్లను కూల్చివేశారు. అయితే 2018లో మొదలైన 800 మెగావాట్ల కొత్త యూనిట్ కూడా బొగ్గుదే.

ఒక చిన్న లెక్క వేద్దాం. వెయ్యి వాట్ల యంత్రం 10 రోజులు ఆగకుండా నడిస్తే 240 యూనిట్లు ఖర్చవుతాయి. థర్మల్ కేంద్రంలో ఒక్కో యూనిట్‌కు సుమారు 650 గ్రాముల బొగ్గు కావాలి. అంటే ఒకటిన్నర క్వింటాళ్లకు పైనే! యంత్రాన్ని చల్లబరిచే ఖర్చు దీనికి అదనం.

దైవప్రవక్త (స) హజ్రత్ సాద్ (రజి) వుజూ చేస్తుండగా చూసి, నీటి దుబారాను వారించారని ఇబ్నె మాజా ఉల్లేఖనం ఉంది. వుజూలో కూడా దుబారా ఉంటుందా అని ఆయన అడిగితే, పారే ఏటి ఒడ్డున ఉన్నా ఉంటుందని సెలవిచ్చారు. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. వుజూ ఆరాధనలో భాగం. అయినా ఆ సదుద్దేశం దుబారాను ధర్మసమ్మతం చేయలేదు. ఏరు ఎండిపోదు, అయినా సమృద్ధి సాకు కాలేదు. అలాగని వుజూ మానేయమనీ ఆయన చెప్పలేదు. ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరు కన్నా తక్కువతో, తాము స్వయంగా వుజూ చేసి చూపారు. ఆరాధనకూ ఒక కొలత ఉందన్నమాట.

పరిశోధకుల్లో కూడా కొందరు ఈ కొలత కోసమే పూనుకున్నారు. ఒక గణనకు ఎంత విద్యుత్తు పడుతుందో, ఎంత కర్బన వాయువు వెలువడుతుందో అంచనా కట్టే 'గ్రీన్ ఆల్గరిథమ్స్' అనే సాధనాన్ని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2021లో వివరించారు. 'గ్రీన్500' జాబితా 2007 నుంచి సూపర్ కంప్యూటర్లను వేగంతో కాక, విద్యుత్ పొదుపుతో పోల్చి చూపుతోంది. మొదట కొద్ది సమాచారంతో సరిచూసుకోవడం, చేసిన లెక్కనే మళ్లీ చేయకుండా ఫలితాన్ని దాచుకోవడం, ఇతరులతో పంచుకోవడం వారు పాటించే పద్ధతులు.

నేను ఆ యువకునితో అన్నాను: "నాయనా! పరిశోధన మానకు. కానీ యంత్రాన్ని నడిపే ముందు ఇది అవసరమా, ఇంతే అవసరమా, ఎవరైనా ఇప్పటికే చేశారా అని నిన్ను నీవు ప్రశ్నించుకో. నీ గదిలో పొగ కనబడదు. అది ఎవరి ఊరి మీద కమ్ముకుంటుందో, ఆ బొగ్గు ఎవరి చెమటతో పైకి వస్తుందో మీ నాన్నకు తెలుసు. తోటివారికి హాని కలిగించకపోవడం కూడా ధర్మమే."

అతను కాసేపు మౌనంగా ఉండి, ఆగకుండా నడుస్తున్న ఒక పాత లెక్కను ఆ రాత్రే ఆపేస్తానన్నాడు.

అల్లాహ్ మన జ్ఞానాన్ని ప్రయోజనకరమైనదిగా చేసి, అందులో మితాన్ని పాటించే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.