శీఘ్రకారియు చిరకారియు

ఆంగ్లభాషలో నేడు ‘సూన్’ అనగా కొంతసేపటికి అని మనమందఱమును ఎఱుగుదుము. కాని వేయి సంవత్సరముల క్రిందటి ఆంగ్లమున ఆ మాటకు తత్‌క్షణమే యని యర్థము. ‘ఎనాన్’ అనునదియు నట్టిదే. ఒక్క యూపున, ఒక్క క్షణమున అను భావముతో పుట్టిన ఆ పదము షేక్స్‌పియరు నాటికే ఎంత సడలిపోయినదనగా, నాల్గవ హెన్రీ నాటకములోని పానశాల కుఱ్ఱవాడు లోపలినుండి ఎన్నిమాఱులు పిలుపు వచ్చినను ఆ మాటయే బదులు పలుకుచు, రాజకుమారుని యొద్దనుండి కదలలేక నిలిచిపోవును. ‘ప్రెజెంట్లీ’ కూడ ఇప్పుడే అను నర్థమునుండి మఱికొంతసేపటికి అను నర్థమునకు జాఱినది. ‘బై అండ్ బై’ చరిత్రము వీనియన్నిటికంటెను విచిత్రము. 1611లో అచ్చయిన జేమ్సు రాజు బైబిలులో ఈ మాట వచ్చిన చోటులందు గ్రీకు మూలమున వెంటనే అనియే యున్నది. 1868లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ క్రైస్తవ కీర్తనలో అదే మాటకు, మరణానంతరము పరలోకతీరమున ఆప్తులను కలిసికొను కాలమని యర్థము. ఈ క్షణమని బయలుదేఱిన పదము పరలోకమును చేరుటకు మూడువందల యేండ్లు కూడ పట్టలేదు.

ఈ మార్పునకు కారణము వ్యాకరణమున దొరకదు, మనుష్యుల నడవడిలో దొరకును. ఇప్పుడే చేసెదనన్నవాడు ఇప్పుడే చేయడు. విన్నవాడు ఆ జాప్యమును గూడ లెక్కలో చేర్చికొనియే ఆ మాటను గ్రహించును. ఇట్లు తరములు గడువగా జాప్యమే యర్థమై కూర్చుండును. ‘ఇదిగో వచ్చుచున్నాను’ అని అరుగుమీదనుండియే కేకవేసినవాడు ఎప్పటికి వచ్చునో పిలిచినవానికి మన యూళ్లలో మాత్రము తెలియదా? అయితే దీనిని సోమరితనమని త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. శ్రేయస్సని తెలిసిన దానిని, చేయవలెనని కోరుచునే, చేయక నిలుచు ఈ స్థితి మనస్సునకు ఎక్కడినుండి వచ్చినదన్నది మతములన్నియు ఎదుర్కొనవలసిన ప్రశ్న.

దీనిని అగస్టీను వలె నిర్దయగా తన హృదయముననే పరీక్షించి చూచినవారు అరుదు. మిలాను నగరమున అలంకారశాస్త్రము బోధించుచుండిన ఈ ఆఫ్రికావాసి, 386లో క్రైస్తవమార్గమునకు మనసిచ్చుటకు పూర్వము తాను పడిన యాతనను ‘కన్ఫెషన్స్’ ఎనిమిదవ భాగమున వర్ణించినాడు. సత్యము తెలిసినది, సందేహము తీఱినది, అయినను దైవము పిలిచినపుడెల్ల, నిదుర వదలని వానివలె, ఇప్పుడే, ఇంకొక్క క్షణము అని బదులిచ్చుచు వచ్చెననియు, ఆ ఇప్పుడునకు అంతము లేకపోయెననియు చెప్పికొన్నాడు. అంతకంటె లోతైన మాట ఆ వెనుక వచ్చును: మనస్సు చేతిని కదలుమన్నచో చేయి తత్‌క్షణమే కదలును, అదే మనస్సు తన్ను తాను సంకల్పింపుమని యాజ్ఞాపించినపుడు మాత్రము ఆజ్ఞ చెల్లదు. సంపూర్ణముగా కోరనిది కావుననే అది నెఱవేఱదని ఆతని సమాధానము. ఇక్కడ జాప్యము కాలమునకు చెందిన దోషము కాదు, చీలిపోయిన ఇచ్ఛ యొక్క రూపము.

అట్లయిన శీఘ్రతయే ధర్మమా? మార్కు సువార్త చదివినవారికి ఈ సందేహము రాక తప్పదు. ఆ చిన్న గ్రంథమున వెంటనే అను నర్థముగల గ్రీకు పదము నలుబదిమాఱుల వఱకు వచ్చును. యేసు పిలువగానే జాలరులు వలలు విడిచి వెంటనే వెడలిరి. అది ఒక్కటియే యయినచో మనకు చిక్కు లేకపోవును. ఆఱవ అధ్యాయమున హేరోదియ కుమార్తె తల్లి మాట విని, వెంటనే, త్వరపడి, రాజైన హేరోదు నొద్దకు వచ్చి, స్నానికుడైన యోహాను తలను పళ్లెములో ఈ క్షణమే యిమ్మని కోరును. ఒక్క వాక్యమున త్వరను దెలుపు మాటలు మూడు! అందులో మూడవదే జేమ్సు రాజు బైబిలులోని ‘బై అండ్ బై’. జాలరులను కదలించిన మాటయే ఈ బాలికను కూడ పరుగెత్తించినది.

మన పెద్దలు ‘ఆలస్యం అమృతం విషం’ అనియు, ‘నిదానమే ప్రధానము’ అనియు రెండును చెప్పిరి. శాంతిపర్వమున భీష్ముడు కూడ ధర్మరాజునకు రెండును ఉపదేశించినాడు. ఒకచోట తండ్రికి కుమారుడు చేసిన బోధగా, మృత్యువు మన పని ముగిసినదా లేదా అని చూడదు గావున రేపటి శ్రేయస్సును నేడే చేయవలెననును. వేఱొకచోట గౌతముని కుమారుడైన చిరకారి కథ చెప్పును. భార్యపై కోపించిన గౌతముడు తల్లిని వధింపుమని కుమారున కాజ్ఞాపించి అడవికి వెడలెను. ప్రతి పనికిని చిరకాలము ఆలోచించు స్వభావము గల చిరకారి, తండ్రి యాజ్ఞ గొప్పదా, తల్లి ప్రాణము గొప్పదా అని ఆయుధము చేతబట్టి విచారించుచు నిలిచిపోయెను. ఇంతలో గౌతముడు, అయ్యో ఎంత పని చేసితిని, ఈ ఒక్క దినమైనను నా కుమారుడు తన పేరు నిలువబెట్టుకొనునుగాక అని కన్నీరు పెట్టుచు తిరిగివచ్చి, బ్రతికియున్న భార్యను చూచి కుమారుని కౌగిలించుకొనెను. రాగమందు, దర్పమందు, ద్రోహమందు, పాపకార్యమందు చిరకారియే ప్రశంసనీయుడని గౌతముని నిర్ణయము. కనుక వేగమును గడియారముతో కొలుచుట వ్యర్థము. ఆ వేగము ఎవనివైపు, ఏ ఫలమువైపు పోవుచున్నదో చూడవలెను. మనమో, మేలు విషయమున చిరకారులము, కీడు విషయమున శీఘ్రకారులము.

హేరోదు కూడ దుఃఖించెననియే మార్కు వ్రాసినాడు. గౌతముని పశ్చాత్తాపము ఆజ్ఞ యిచ్చిన పిమ్మట కలిగినది; ఈతనికి ఆజ్ఞ యీయక పూర్వమే మనస్సు కలగినది. అయినను విందులో కూర్చున్నవారి యెదుట చేసిన ప్రమాణము తప్పుటకు సిగ్గుపడి, వెంటనే భటుని పంపెను. గౌతముని యింట ఆజ్ఞకును ఖడ్గమునకును నడుమ ఒక కుమారుని యాలోచన యుండెను. హేరోదు సభలో ఆ నడుమ ఎవరును లేకపోయిరి.