పుచ్చిన గడప మారిస్తే దోషమా?

సందేహం: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. తాతగారు కట్టించిన మండువా ఇల్లు. వీధి అరుగుల మధ్య ఉన్న సింహద్వారం టేకుది, పైకమ్మి మీద గజలక్ష్మి చెక్కి ఉంది. 2022 జూలై వరదలో నీళ్లు గడప దాటి లోపలికి వచ్చాయి. ఆ తర్వాత గడపకు చెదలు పట్టాయి. కుడివైపు నిలువు కమ్మి అడుగున జానెడు మేర పుచ్చిపోయింది. ఒక తలుపు రెక్క మూసినా దానంతట అదే తెరుచుకుంటోంది. మొత్తం తీసేసి కొత్తది పెడదామని తమ్ముడు అంటున్నాడు. పాత కలప కొనేవాళ్లు వచ్చి మంచి ధర ఇస్తామంటున్నారు. అమ్మ మాత్రం “మామగారు పెట్టిన గడప కదిపితే వంశానికి మంచిది కాదు, 96 తుపానుకే అది చెక్కుచెదరలేదు” అంటూ ఒప్పుకోవడం లేదు. గడప మార్చవచ్చా? ఎప్పుడు, ఎలా మార్చాలి? పాత చెక్కను ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రాజోలు మండలం

సమాధానం: గడప మార్చవచ్చు, దోషం లేదు. పుచ్చిపోయిందని తెలిసి కూడా పసుపు రాసి అలాగే వదిలేయడమే దోషం. అయితే పాడైనదాన్ని మార్చడం వేరు, బాగున్నదాన్ని కూడా ఊడదీసి అమ్ముకోవడం వేరు. మొదటిది గృహస్థుగా మీరు చేయవలసిన పని. రెండోది చేయవద్దని నా సలహా.

మీ అమ్మగారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. గడపకు మన సంప్రదాయం ఇచ్చిన స్థానం పెద్దది. గృహస్థు రోజూ చేసే వైశ్వదేవంలో బలి వేసే చోట్లలో గడపనూ, తలుపునూ ఆపస్తంబ ధర్మసూత్రం విడివిడిగా చెప్పింది. కొత్త కోడలు కుడికాలు పెట్టి లోపలికి రావాలనీ, గడప మీద నిలబడకూడదనీ గృహ్యసూత్రం చెప్పింది. ఇల్లు కట్టేటప్పుడు ద్వారానికి కుడి స్తంభాన్ని ముందు, ఎడమ స్తంభాన్ని తర్వాత మంత్రపూర్వకంగా నిలపమన్నది కూడా ఆ గ్రంథమే. హిరణ్యకశిపుణ్ణి ఇంటా బయటా కాని గడప మీద సంహరించిన నరసింహుడు మీకు దగ్గరలోనే అంతర్వేదిలో వెలసి ఉన్నాడు. ఇంత గౌరవమూ ఆ స్థానానికి, అక్కడ జరిగే కర్మకు చెందింది. పాడైన చెక్కను మార్చకూడదని ఈ సూత్రాలు చెప్పలేదు.

ఆ స్వామి రథాన్నే చూడండి. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయింది. టేకుతో కొత్త రథం చేయించి, శాస్త్రోక్తంగా సంప్రోక్షణ జరిపి, 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవాల నాటికి సిద్ధం చేశారు. కొత్త కలప అని స్వామి మహిమ తగ్గలేదు. పూరీలో సాక్షాత్తు జగన్నాథుడి దారుమూర్తులనే నవకళేబర ఉత్సవంలో మారుస్తారు. చివరిసారి 2015లో జరిగింది. దేవుడి మూర్తికే జీర్ణోద్ధారం ఉన్నప్పుడు గడపకు ఎందుకు ఉండదు?

ఇక తమ్ముడుగారి మాట. వరాహమిహిరుడి బృహత్సంహితలో, తనంతట తాను తెరుచుకునే తలుపు, మూసుకునే తలుపు ఇంటికి కీడు అని ఉంది. కాబట్టి ఇలాగే ఉండనివ్వడం తగదన్న తమ్ముడి అభిప్రాయం సరైనదే. కానీ తలుపు అలా ఎందుకు తెరుచుకుంటోంది? కుడి కమ్మి అడుగు పుచ్చి కుంగడంతో ద్వారబంధం తూకం తప్పి ఉండాలి. కమ్మి సరిచేస్తే ఆ దోషం పోతుంది, దానికి ద్వారమంతా తీయనక్కరలేదు. విగ్రహాల కోసం చెట్టు కొట్టబోయే ముందు దానిలో నివసించే ప్రాణులను వేరే చోటికి వెళ్లమని, తమను క్షమించమని ప్రార్థించాలని కూడా ఆ గ్రంథమే చెప్పింది. చెట్టు పట్ల అంత మర్యాద చూపిన శాస్త్రం, తరాల పాటు సేవ చేసి ఇంకా గట్టిగా ఉన్న టేకును వదిలించుకోమని ఎందుకంటుంది?

అందువల్ల పని ఇలా చేయించండి. పాత పనితనం తెలిసిన వడ్రంగిని పిలిచి, ఉలితో పొడిచి చూపించమనండి. ఉలి మెత్తగా దిగినంత మేర కమ్మిని కోసి, బాగా ఆరిన పాత టేకు ముక్కను ఒకదానిలో ఒకటి దిగేలా అతికించమనండి. గడప పూర్తిగా పోయి ఉంటే కొత్తది వేయించండి. పైకమ్మి, గజలక్ష్మి, తలుపు రెక్కలు గట్టిగా ఉంటే అలాగే ఉంచండి. అంతకుముందు తడి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. మన ఊళ్లలో రోడ్లు ఎత్తు పెరిగి, వాననీరు అరుగుల దగ్గర నిలిచే ఇళ్లు చాలా ఉన్నాయి. నీరు పోయే దారి చేయకుండా, చెదలకు మందు కొట్టించకుండా ఎంత మంచి గడప వేసినా మళ్లీ పుచ్చిపోతుంది.

ముహూర్తం విషయానికి వస్తే, కమ్మి అతకడం మరమ్మతే, వారం వర్జ్యం చూసుకుంటే చాలు. కొత్త గడప నిలపడానికి మాత్రం ఆషాఢ, భాద్రపద, పుష్య మాసాలను, మూఢాలను విడిచి, మీ పురోహితుణ్ణి అడిగి మంచిరోజు పెట్టించుకోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ప్రసవం అయ్యేదాకా ఆగడం మన ఆచారం. ఆనాడు గణపతి పూజ, పుణ్యాహవాచనం చేయించి, గడప కింద నవధాన్యాలు, పంచలోహాలు, శక్తికొద్దీ నవరత్నాలు ఉంచాలి. పాత గడప కింద తాతగారు పెట్టినవి దొరికితే శుభ్రం చేసి మళ్లీ అక్కడే ఉంచండి. మొదటి పసుపు కుంకుమ అమ్మగారి చేత పెట్టించండి. పనిచేసిన వడ్రంగికి కొత్త బట్టలు, తాంబూలం, దక్షిణ ఇచ్చి నమస్కరించడం మరువకండి.

జీర్ణమైన కొయ్య విగ్రహాన్ని అగ్నికి అర్పించమని అగ్నిపురాణం చెప్పింది. పుచ్చిన గడపకూ ఆ పద్ధతి తగినదే. చెదల చెక్కను పెరట్లో పడేస్తే చెదలు మిగతా ఇంటికీ పాకుతాయి. నమస్కరించి దహనం చేయండి. గట్టి భాగమేదైనా మిగిలితే దేవుడి పీటకు వాడండి.

చివరగా అమ్మకం మాట. తాతగారి ఇల్లు మీ ఒక్కరిదీ కాదు, మీ తమ్ముడిదీ కాదు. పిత్రార్జితమైన స్థిరాస్తిని కుటుంబంలోని హక్కుదారుల సమ్మతి లేకుండా ఒక్కరు అమ్మరాదని మితాక్షర అనే ధర్మశాస్త్ర గ్రంథం చెబుతోంది. గోడలో నిలిచిన సింహద్వారం ఆ ఇంటిలో భాగమే. ముందు అన్నదమ్ములిద్దరూ అమ్మగారి దగ్గర కూర్చుని, ఏది మార్చాలో, ఏది ఉంచాలో, ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలో తేల్చుకోండి. ముగ్గురూ ఒక మాట మీదకు వచ్చాకే ముహూర్తం పెట్టించండి. శుభం భూయాత్.